గుడ్ల బుట్టతో భద్రాచలం దాటి

భద్రాచలం వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూములో అందరూ అడిగింది ఒకటే, దర్శనం బాగా అయిందా అని. అయింది. కాకపోతే రాముడి ఎదుట నిలబడ్డది పది నిమిషాలు, ఒక కోడి ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్నది ఒక పూటంతా. ఆ సంగతి చెప్తే నవ్వుతారని అక్కడ చెప్పలేదు. ఇక్కడ చెప్తాను, నవ్వేవాళ్ళు నా కంటికి కనబడరు కాబట్టి.

నేను ఖమ్మంలో డ్రాయింగు మాస్టారిని. దసరా సెలవులివ్వగానే గోదావరి అవతలి కొండల బొమ్మలు వేసుకురావాలని బండి తీశాను. ఆ బండి గురించి ముందే చెప్పాలి. కొన్నది సెకండ్ హ్యాండులోనే అయినా దానికి నేను చేసుకున్న అలంకారం మా ఆవిడకు కూడా చేయించలేదని ఇంట్లో ఒక ఫిర్యాదు ఉంది. టాంకు మీద ముదురు ఎరుపు వేసి, రెండు పక్కలా చెరో నెమలిని నా చేత్తో గీశాను. వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే షాకప్సర్లు, అంటే స్ప్రింగులున్న గొట్టాలు, పాతవి తీయించి బెజవాడ నుంచి తళతళలాడే కొత్తవి తెచ్చి బిగించాను. వాటికి ఐదు మెట్లుంటాయి. మెట్టు పెంచేకొద్దీ స్ప్రింగు బిగుసుకుంటుంది, బండి వెనక భాగం పైకి లేస్తుంది. నేను చివరి మెట్టు మీద పెట్టుకున్నాను. అలా పెడితే బండి పక్కనుంచి చూడ్డానికి ఢీకొట్టబోయే పొట్టేలులా ఉంటుంది. పైగా గట్టిగా ఉన్నదే మంచిదని నా లెక్క.

తల్లాడలో రెండు చాయ్‌లు

వైరా మీదుగా రోడ్డు పట్టాను. వానలు అప్పుడే వెనక్కి తగ్గాయి. వరి పొట్టమీద ఉంది, చెరువులు నిండుగా ఉన్నాయి, రోడ్డు మాత్రం ఎక్కడికక్కడ చితికిపోయి ఉంది. తల్లాడలో చాయ్‌కి ఆగితే నలుగురు బండి చుట్టూ చేరి, నెమళ్ళు ఎవరేసిండ్రని అడిగారు. నేనే వేశానని తీరిగ్గా చెప్పడానికి రెండో చాయ్ కూడా తాగాల్సి వచ్చింది. చాయ్ అర్ధరూపాయి, పొగడ్త ఉచితం.

ఏన్కూరు దాటేసరికి నడుము నాది కాదనిపించింది. చిన్న గుంత వచ్చినా సీటు కింద నుంచి ఎవరో రోకలితో పొడిచినట్టు తగులుతోంది. ముందు చక్రం గుంతలో దిగినప్పుడల్లా హాండిల్లోంచి టక్కుమని ఇనుము కొట్టుకున్న చప్పుడు. సంచీలో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోరా పెరుగన్నమూ ఒకటైపోయాయి. రంగు సీసాల్లో ఒకటి మూత ఊడి, సగం కాయితాలు నీలమయ్యాయి. నేను రోడ్డును తిట్టాను, రోడ్డేసిన కాంట్రాక్టరును తిట్టాను, వాళ్ళకు ఓట్లేసిన వాళ్ళను కూడా తిట్టాను. బండిని ఒక్క మాట అనలేదు.

జూలూరుపాడు, చెంబెడు నీళ్ళు

జూలూరుపాడులో బస్సు దగ్గర గొడవ జరుగుతోంది. యాభై ఏళ్ళ లోపు ఆవిడ, సన్నగా, గట్టిగా ఉంది. నుదుటి మీద, చేతుల మీద పచ్చబొట్లు. చంకలో వెదురుబుట్ట. కండక్టరు బుట్టను బస్సు మీద వెయ్యమంటున్నాడు.

“మీద ఎయ్యను బాబూ. ఒళ్ళె పెట్టుకుంట. జెర ముంగట సీటియ్యి.”

“ముంగట జాగ లేదు. ఎక్కితే ఎనక సీటుకు పో, లేకుంటే దిగు.”

“ఎనక సీటు ఎగరేస్తది” అని ఆవిడ దిగిపోయింది. బస్సు వెళ్ళిపోయింది. పక్కనున్న ఆమె మరిది, చెల్లెలి మొగుడు, తల పట్టుకున్నాడు. మళ్ళీ బస్సు సాయంత్రానికి గాని లేదట.

పేరు సోమమ్మ. కోయవాళ్ళు. ఊరు దుమ్ముగూడెం దాటి లోపలికి, మట్టిరోడ్డు మీద పోవలసిన గూడెం. చెల్లెల్ని ఇటువైపు ఇచ్చారు. బుట్టలో ఊక పోసి, ఆ ఊకలో పదమూడు కోడిగుడ్లు పేర్చి ఉన్నాయి. అమ్మకానికా అని అడిగాను.

“అమ్మటానికి కాదు సారూ. పొదగెయ్యటానికి.”

ఎండాకాలంలో కొక్కెర రోగం వచ్చి వాళ్ళ గూడెంలో కోళ్ళన్నీ మూడు రోజుల్లో పోయాయి. సోమమ్మవి మామూలు కోళ్ళు కావు. మెడ మీద ఈకలుండవు, ఎర్రగా బోసిగా ఉంటుంది. వాళ్ళ అమ్మ నుంచి వచ్చిన జాతి. ఎండకు తట్టుకుంటాయి, గద్ద నీడ పడితే పిల్లల్ని పొదలోకి తోలుకుపోతాయి, అడవిలో తిండి వాటంతట అవే వెతుక్కుంటాయి. ఉప్పు కావాలన్నా, జ్వరం గోళీలు కావాలన్నా, పండక్కి వేల్పుకు పెట్టాలన్నా ఆ కోళ్ళే. ఇప్పుడా జాతి మిగిలింది ఒక్క చెల్లెలింట్లోనే. మొన్న వానాకాలం మొదట్లో ఒకసారి గుడ్లు పట్టుకుపోయింది. బస్సు వెనక సీట్లో కూర్చుని పోయింది. ఒక్క గుడ్డు పగల్లేదు. ఇరవై ఒక్క రోజులు పొదిగించాక ఒక్క పిల్లా లేవలేదు. పగలగొడితే అన్నీ మురిగినవే.

“పైకి మంచిగనే ఉంటయ్ సారూ. లోపల కదిలిపోతే అయిపాయె. కోడి ఎంత కూసున్నా లాభం లేదు.”

ఈసారి ఊళ్ళో పక్కింటి వాళ్ళ కోడి ఒకటి పొదుగు మీదికి వచ్చింది. రోగం తర్వాత గూడెంలోకి కొనుక్కొచ్చిన కోడి అది. దాన్ని ఉత్త గుండ్రాళ్ళ మీద కూర్చోబెట్టి వచ్చింది. అదెన్నాళ్ళు కూర్చుంటుందో దాని దయ. లేచిపోతే ఈ గుడ్లు వండుకు తినడమే. చెల్లెలి పెట్ట కూడా గుడ్లు మానేసిందట.

నాలో పరోపకారం పొంగింది. “నా బండి మీద రా అమ్మా. నేను అటే పోతున్న” అన్నాను.

సోమమ్మ నెమళ్ళను చూసింది. వాటిని బాగా మెచ్చుకున్నట్టే కనిపించింది. తర్వాత వచ్చి అరచేత్తో సీటును ఒక్కసారి గట్టిగా నొక్కింది. సీటు కదల్లేదు.

“ఇది బండ తీరున్నది సారూ” అంది. నేను ఒప్పుకోలేదు. అప్పుడావిడ చాయ్ హోటల్లో ఒక చెంబడిగి, అంచుదాకా నీళ్ళు పోయించి, నా వెనక సీటు మీద తువ్వాలతో కట్టింది. “ఆ మోరీ దాటి ఒక చక్కరు కొట్టి రా. నీళ్ళుంటె ఎక్కుత.”

వాళ్ళ ఊళ్ళో పెళ్ళికూతుర్ని తీసుకుపోయే ఎడ్లబండిని కూడా ఇలాగే చూస్తారట. మా వైపు ఎడ్ల పళ్ళు చూస్తారు, గంటలు చూస్తారు, చెంబు పెట్టి చూడగా నేను చూడలేదు.

మోరీ, అంటే రోడ్డుకు అడ్డంగా ఉన్న తూము, దాటి తిరిగొచ్చాను. చెంబులో నీళ్ళు లేవు. చెంబు కూడా పక్కకు వేలాడుతోంది. నీళ్ళన్నీ నా వీపు మీదే ఉన్నాయి. హోటల్లో కూర్చున్న వాళ్ళంతా బయటికొచ్చి మరీ నవ్వారు. సోమమ్మ ఒక్కతే నవ్వలేదు. బుట్టను దగ్గరకు లాక్కుని, “నడిచే పోత తియ్యి” అంది. నాకు నిజంగా సిగ్గేసింది.

ఖాసిం భాయ్ దుకాణం

ఎదురుగా తడికల దుకాణంలో పంపుసెట్టు విప్పుతున్న ముసలాయన ఇదంతా చూస్తున్నాడు. సైకిలు నుంచి ట్రాక్టరు దాకా ఆ చుట్టుపక్కల ఏది ఆగినా ఆయన దగ్గరికే వస్తుందట. పేరు ఖాసిం. అందరూ ఖాసిం భాయ్ అంటారు.

“మాస్టర్ సాబ్, బండిని ఇటు తేండ్రి” అని పిలిచాడు.

ఆయన ముందు బొమ్మలకేసి చూడనే లేదు. వెనక్కి వెళ్ళి సీటు మీద ఒంటి బరువంతా వేసి నొక్కాడు. అతి కష్టం మీద అంగుళం దిగింది, వదలగానే చటుక్కున పైకి తన్నింది.

“దిగినంక మెల్లగ లేవాలె. ఇది తంతున్నది. స్ప్రింగు ఉన్నది, దాన్ని పట్టి ఆపే నూనె లోపల లేదు. మీదంగ మెరుపే.” తర్వాత ముందుకొచ్చి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాల మీద వేలితో రాసి చూశాడు. “ఈడ నూనె కారలేదా ఎన్నడు?”

కారింది. రోజూ పొద్దున్నే జిడ్డు కనబడేది. మెరుపు తగ్గుతుందని నేను పాత బనియను గుడ్డతో శుభ్రంగా తుడిచేవాణ్ణి. నాలుగు నెలల నుంచీ తుడుస్తున్నాను. ఆ మాట చెప్తే ఖాసిం భాయ్ చేతిలో పానా కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

“అంటే ఉన్న నూనె అంత మీరే తుడిచిన్రు.”

“అవ్.”

“జెర సీలు మార్చి నూనె పోసి ఉంటె అయిపోతుండె సాబ్. గుడ్డతోని బీమారి పోతదా?”

మూలన గోనెపట్టా ఎత్తి ఒక జత షాకప్సర్లు బయటికి తీశాడు. వరదలో మునిగి తుక్కు కిందికొచ్చిన బండివి. పైన తుప్పు, ఒకదాని మీద ఎవరో కొట్టిన నల్లరంగు పెచ్చులు పెచ్చులుగా ఉంది. లోపల విప్పి, కడిగి, వాషర్లు మార్చి, నూనె పోసి పెట్టుకున్నానన్నాడు. నేల మీద నిలబెట్టి ఒకదాన్ని నొక్కి చూపించాడు. బలంగా దిగింది, ఊపిరి వదిలినట్టు మెల్లగా లేచింది. ఎంత బాగా పనిచేసిందో చెప్పలేను. కాని ఎంత వికారంగా ఉందో కూడా చెప్పాలి. నా నెమళ్ళ వెనక ఈ తుప్పు గొట్టాలా? నేను అటూ ఇటూ నడిచాను. రంగు వేసుకోవచ్చా అని అడిగాను.

“ఏస్కోండ్రి. గులాబీ రంగు ఏస్కోండ్రి. ముంగట కూసోండ్రి, నడుముకెరికయితది.”

దుకాణం అరుగు మీద సోమమ్మ బుట్టను నీడలోకి జరిపి, కొంగు తడిపి దాని మీద కప్పింది. అక్కణ్ణించే నా వంక చూస్తోంది. నేను బిగించమన్నాను.

ఫోర్కులో నూనె కారకుండా ఆపే సీళ్ళు మారాయి, నూనె పడింది, చక్రాల్లో నేను రాయిలా కొట్టించిన గాలి కొంత తగ్గింది. ఇక మెట్టు దగ్గర నాకు తెలివి ఎక్కువై, అన్నిటికంటే మెత్తగా ఉండే మొదటి మెట్టు మీద పెట్టమన్నాను. ఖాసిం భాయ్ అడ్డు చెప్పలేదు. సోమమ్మ బరువుకు సరిపడా తవుడు బస్తా వెనక కట్టి, దాని మీద చెంబు కట్టి పంపాడు. మోరీ మీద బండి పూర్తిగా కూర్చుండిపోయి కింద ధడ్‌మని తగిలింది. సగం నీళ్ళు పోయాయి.

“చూసిన్రా? గట్టిగుంటె తంతది, మరీ మెత్తగుంటె అడుగు తగుల్తది. ఎంత మంది కూసుంటున్నరు, ఎంత బరువు, ఏ తొవ్వ, గది చూసి పెట్టాలె.” కొక్కెం పానాతో రెండు పక్కలా మూడో మెట్టుకు తిప్పాడు. మళ్ళీ పోయొచ్చాను. ఈసారి చెంబులో వేలెడు నీళ్ళు మాత్రమే తగ్గాయి.

సోమమ్మ చెంబులోకి తొంగిచూసి, ఏమనుకుందో, ఆ నీళ్ళే రెండు గుక్కలు తాగి బుట్ట ఎత్తుకుంది. మరిది మాత్రం నా బండి నంబరును హోటలు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. ఆడమనిషిని పంపుతున్నాడు, రాసుకోవాలి మరి. పక్కనే నా పేరు, బడి ఖమ్మంలో ఎక్కడో కూడా నేనే చెప్పి రాయించాను. ఖాసిం భాయ్ కొక్కెం పానా నా సంచీలో వేస్తూ, ఆమె దిగాక నేనొక్కణ్ణే వచ్చేటప్పుడు ఒక మెట్టు దించుకొమ్మన్నాడు. మెరుపు షాకప్సర్లను దుకాణం ముందు దండెం మీద వేలాడదీశాడు. పెళ్ళి ఊరేగింపుల బరాత్ బండ్లకు పనికొస్తాయట.

కొత్తగూడెం, పాల్వంచ, వంతెన

అదే రోడ్డు, అవే గుంతలు. కాని నేను కూర్చున్నది వేరే బండి. గుంత వస్తోందని ఒళ్ళు బిగపట్టుకుంటే, చక్రం దిగి లేచేది, మేము మాత్రం ఉన్నచోటే ఉన్నట్టుండేది. నాలుగు నెలలుగా నేను రోడ్డును తిట్టినవన్నీ మనసులో వెనక్కి తీసుకున్నాను. కాంట్రాక్టరును తిట్టినవి మాత్రం తీసుకోలేదు.

సోమమ్మ ఒక పక్కకు కూర్చుని, బుట్టను ఒళ్ళో రెండు చేతులతో చుట్టుకుంది. కొత్తగూడెంలో సింగరేణి షిఫ్టు వదిలిన జనం మధ్య నుంచి పోతుంటే మెల్లగా మాటలు మొదలుపెట్టింది. బుట్టలో ఒక మేకు ఉందని చెప్పింది. ఉరిమితే గుడ్లు చెడకుండా ఇనుము. మా అమ్మ కూడా పొదుగు బుట్టలో మేకూ, ఎండుమిరపకాయా వేసేదని నేను చెప్పాను. “మిరపకాయ ఎందుకు?” అని సోమమ్మ ఆశ్చర్యపోయింది. నాకూ తెలీదు. మేకు ఎందుకో అడిగే హక్కు కూడా నాకు లేదనిపించి ఊరుకున్నాను.

పాల్వంచలో పూర్తి భోజనం ఐదు రూపాయలు. ఆవిడ లోపలికి రాలేదు, బుట్ట దగ్గరే కూర్చుని పొట్లం విప్పుకుంది. జొన్నరొట్టె, చింతచిగురు పొడి. నా సాంబారన్నం కంటే అదే బాగుందని నాకు ఒక ముక్క పెట్టాకే తెలిసింది.

పొద్దు వాలేవేళకు గోదావరి వంతెన ఎక్కాం. నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. ఆగి బొమ్మ వేసుకోవాలని చెయ్యి దురద పెట్టింది. వెనకనుంచి “ఈడ గాలి మస్తున్నది సారూ, గుడ్లకు మంచిది కాదు” అని వినబడింది. ఆగలేదు. ఆ పూట భద్రాచలంలో సత్రంలో దిగాం. బుట్టను ఒక్కదాన్నే వదలకూడదని దర్శనానికి వంతులవారీగా వెళ్ళాం. ఆమె లోపలున్నంతసేపూ పదమూడు గుడ్లకు నేను కాపలా ఉన్నాను. చెప్పుల దగ్గర కూర్చున్నావిడ, ఏంటి బాబూ మొక్కుబడా అని అడిగింది. అవునన్నాను.

మట్టిరోడ్డు మీద నేను చేసిన పని

దుమ్ముగూడెం దాటాక తారు అయిపోయింది. అడవి రెండు పక్కల నుంచీ రోడ్డు మీదికి వంగింది. వానకు కడిగిన టేకాకులు, మధ్యమధ్య కల్లు గీసే జీలుగు చెట్లు. ఎదురొచ్చిన ఒకాయనతో సోమమ్మ కోయభాషలో ఏదో మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఆయన బుట్టనూ తర్వాత బండి వెనక చక్రాన్నీ వంగి చూసిన తీరు బట్టి చెంబు కథ అప్పుడే చెప్పేసిందని తెలిసింది.

వాగు దగ్గర ఆమెను దింపి బండిని తోసుకుంటూ దాటించాను. అవతలికి పోయాక కుడివైపు కొండ తెరుచుకుంది. నీలం మీద నీలం, మూడు వరసలు, మధ్యలో మబ్బు చారిక. ఆ గీత ఎలా పట్టుకోవాలా అని చూస్తున్నాను. వాన నీళ్ళు రోడ్డుకు అడ్డంగా కోసిన కాలవ చూడలేదు.

ముందు చక్రం జారవిడిచినట్టు దిగింది. దాని వెనకే రెండోది. నా గుండె కూడా దిగింది. హాండిలు గట్టిగా పట్టుకుని ఆపాను. వెనక్కి తిరగాలంటే భయమేసింది.

సోమమ్మ దిగి, దారి పక్కన గడ్డిలో కూర్చుని బుట్ట విప్పింది. ఊకలోంచి ఒక్కొక్క గుడ్డూ తీసి, తిప్పి చూసి, చెంపకు ఆనించుకుని, మళ్ళీ మొన కిందికి పెట్టి పేర్చింది. పదమూడూ పగల్లేదు. కాని పగలకపోవడం లెక్కలోది కాదని ఆమే చెప్పింది కదా. లోపల ఏమైందో ఇరవై ఒక్క రోజులు ఆగితే గాని తెలీదు. నాకు ఏడుపొకటే తక్కువ.

“తప్పయింది సోమక్కా. కొండను చూస్తున్న.”

“తొవ్వ చూడు సారూ” అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అంది. “కొండ యాడికి పోతది?”

అక్కణ్ణించి గూడెం దాకా బండిని నడిచినంత నెమ్మదిగా తోలాను. కొండ వైపు తల తిప్పలేదు. ఆ నీలం గీత ఇవ్వాళ్టికీ నా పుస్తకంలో లేదు.

అలిసిన గుడ్లు

గూడెంలో పాతిక ఇళ్ళుంటాయి. సోమమ్మ దిగి ముందు పక్కింట్లోకి పరిగెత్తింది. గంప కింద కోడి ఇంకా రాళ్ళ మీదే ఉంది. చెయ్యి పెడితే ఒళ్ళంతా పెంచుకుని పొడవబోయింది. అది పొడవబోతే సోమమ్మా ఆ ఇంటావిడా ఎంత సంతోషపడ్డారో.

వెంటనే గుడ్లు పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. గుడ్లు ప్రయాణం చేసి అలిసినయ్, ఒక పూట నిమ్మళపడాలె అని బుట్టను చల్లని మూలన పెట్టి, అటుగా ఎవర్నీ గట్టిగా నడవనివ్వలేదు. మనుషులు ప్రయాణం చేసి వస్తే మా ఇంట్లో కాళ్ళకు నీళ్ళిచ్చి వెంటనే ఊళ్ళో కబుర్లన్నీ అడుగుతారు. ఇక్కడ గుడ్లకున్న మర్యాద నాకు చాలా నచ్చింది. నాకూ మర్యాద జరిగింది. వెదురుకొమ్ముల కూర, జొన్నగటక, దొప్పలో జీలుగు కల్లు. కల్లు తియ్యగా, చల్లగా, లోపల కొంచెం పొగవాసనతో ఉంది. బడిలో పిల్లలకు చెప్పను గాని రెండు దొప్పలు తాగాను. గూడెంలో మగవాళ్ళంతా వచ్చి బండి చూశారు. నెమళ్ళు బాగున్నాయన్నారు. తర్వాత ఒక్కొక్కరూ సీటు నొక్కి చూశారు.

మర్నాడు పొద్దున సోమమ్మ రాళ్ళు తీసి, కోడి కిందికి గుడ్లు ఒక్కొక్కటే తోసింది. కోడి ముక్కుతో వాటిని తన కిందికి సర్దుకుంది. నేను ఎదురుగా కూర్చుని బొమ్మ వేశాను. కోడి కదల్లేదు. ఇంత బాగా కూర్చున్న మోడలు నాకు ఇంతవరకు దొరకలేదు. బొమ్మ ఎలా వచ్చిందో చూపిస్తే, సోమమ్మ ఇది ఉత్త కోడి సారూ, రేపు మావి లేస్తె గప్పుడు గియ్యి అంది. ఆ “లేస్తే” అన్నప్పుడు ఆమె గొంతు నాకు బాగా గుర్తుంది.

తిరుగుదారిలో జూలూరుపాడులో ఆగి ఖాసిం భాయ్‌కి ఆ కాలవ సంగతి ఒప్పుకున్నాను. ఆయన పంపు పక్కన పెట్టి ఒకటే అడిగాడు. “చప్పుడైందా? లోపల ఇనుము ఇనుము తగిలిందా?”

గుర్తుచేసుకున్నాను. గుండె చప్పుడు తప్ప ఇంకేం వినలేదు. “లేదు” అన్నాను.

“గట్లయితే చూద్దాం” అన్నాడు. ఆయన మొహంలో కూడా పూర్తి ధైర్యం లేదు. పోయేటప్పుడు వెనకనుంచి కేకేసి, ఏమైందో ఇటు దిక్కు చెప్పి పోవాలన్నాడు.

ఇరవై ఒకటో రోజు

ఖమ్మంలో ఆ మూడు వారాలు నేను ఎంత విసిగించానో మా ఆవిడ చెప్తుంది. క్యాలెండరు మీద రోజూ ఒక గీత గీశాను. ఉరిమితే లేచి కూర్చున్నాను. ఇరవయ్యో రోజు శనివారం పడింది. బడి అవగానే బయలుదేరి భద్రాచలంలో ఆగి, ఆదివారం పొద్దున్నే గూడెం చేరాను. ఒక మెట్టు దించుకున్నాను, దారంతా దారినే చూశాను.

సోమమ్మ గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి రమ్మనలేదు, పలకరించలేదు, వేలు పెదవుల మీద పెట్టుకుంది. గంప దగ్గర వంగి, కోడి కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది. వెచ్చగా ఉంది. మొదట ఏమీ లేదు. తర్వాత లోపల గోటితో తలుపు గీరినట్టు ఒక చిన్న చప్పుడు. ఆ తర్వాత, చాలా దూరం నుంచి వస్తున్నట్టు, కీచుమని ఒక పిలుపు. ఆవిడ నా మొహం చూస్తోంది, విన్నానా లేదా అని. తల ఊపాను.

మధ్యాహ్నానికి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తడిగా, ముడుచుకుని, నిలబడలేక తూలుతూ. ఒకటి లోపలే చచ్చిపోయింది, ఒకటి మురిగింది. పదకొండు లేచాయి. సోమమ్మ ఒక్కో పిల్లనూ అరచేతిలోకి తీసుకుని మెడ దగ్గర ఊది చూస్తోంది. మూడోదానికి మెడ చుట్టూ నూగు లేదు, ఎర్రగా బోసిగా ఉంది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. పదకొండింటిలో ఏడు బోసిమెడవి. ఏడోదాన్ని చేతిలో పట్టుకుని అక్కడే మట్టిలో కూలబడింది.

“మా అమ్మ కోళ్ళు ఇంటికొచ్చినయ్ సారూ” అంది. కళ్ళనీళ్ళు చుబుకం దాకా కారుతున్నా తుడుచుకోలేదు, రెండు చేతుల్లోనూ పిల్లలున్నాయి.